విలీనానికి నేను చెప్పిన అర్థం

మా ఆఫీసులో ప్రతి పనికీ ఒక ఫార్మాట్ ఉంటుంది. సెలవు చీటీకి ఒకటి, బదిలీకి ఒకటి, బడి మూయడానికి ఒకటి. మూయడం అని మాత్రం ఎక్కడా రాయకూడదు, విలీనం అని రాయాలి. పోయిన నెల ఆ ఫార్మాట్ నా టేబుల్ మీదికి వచ్చింది. "పై ప్రాథమిక పాఠశాలను సమీప పాఠశాలలో విలీనం చేయుటకు తల్లిదండ్రులమైన మాకు ఎట్టి అభ్యంతరము లేదు." దాని కింద సంతకాలకూ వేలిముద్రలకూ గళ్లు. పిల్లలు తగ్గిపోయిన బడుల పట్టికలో మా మండలం నుంచి నాలుగు పేర్లున్నాయి. నాలుగింటికీ కాగితాలు తయారు చేయాల్సింది నేనే.

ఆ వాక్యం కింద ఇంకో వాక్యం నా సొంతంగా టైపు చేశాను. "దీని మీద సంతకం పెడితే మీ ఊరి బడి మూసేస్తారు." మా పై అధికారి కోస్తా నుంచి వచ్చిన మనిషి, ఎవరినీ గట్టిగా ఒక మాట అనడు. కాగితం చూసి కళ్లద్దాలు తీసి చేతిలో పట్టుకున్నాడు.

"ఇదేంటండి మేడం? ఫార్మాట్ మనం మార్చకూడదు కదండి."

"చదివేవాళ్లకు అర్థం కావాలి కద సార్."

"విలీనం అంటే తెలియనివాళ్లు ఎవరుంటారండి ఈ రోజుల్లో?"

ఆయన నా వాక్యాన్ని ఎర్ర ఇంకుతో కొట్టేసి, కాగితం నా చేతికిచ్చి, క్యాంటీన్ వైపు వెళ్లిపోయాడు. నేను సీట్లో కూర్చున్నాను గాని ఆ పూట ఒక్క కాగితం కూడా కదల్లేదు. ఒకప్పుడు విలీనం అంటే తెలియని మనిషే ఆయన ఎదుట నిలబడిందని ఆయనకు తెలియదు. పదేళ్ల వయసులో ఆ మాటకు నేనొక అర్థం చెప్పాను. ఆ అర్థం ఏం చేసిందో అప్పటివరకు ఎవరికీ చెప్పలేదు.

నానక్‌రామ్‌గూడ దాటి అద్దాల భవనాల మధ్య నుంచి షేర్ ఆటో పోతుంటే, ఒకచోట ఎడమ పక్కన కార్లు నేల కిందికి దిగే ఏటవాలు దారి కనిపిస్తుంది. మా బడి అక్కడ ఉండేది. అప్పుడది రాళ్ల గుట్ట. గుట్ట చుట్టూ నలభై దాకా గుడిసెలు. అందరం పాలమూరు వైపు నుంచి బతకడానికి వచ్చి, ఆ గుట్టనే కొట్టి కంకర చేసేవాళ్లం. నాయిన సుత్తి పట్టేవాడు, అమ్మ తట్ట మోసేది. మా కళ్ల ముందు ఏడాదికేడాది గుట్ట తగ్గుతూ వచ్చింది. తగ్గిన చోటల్లా ఎవరో వచ్చి సున్నంతో గీతలు గీసి పోయేవాళ్లు. ఆ గీతల్లో ఏం రాబోతుందో మాకు తెలియదు. మాకు తెలిసిందల్లా రాయి, రాతి పొడి, జొన్న రొట్టె, పచ్చిమిరపకాయ కారం.

ఆ చోటు వాసన ఇప్పటికీ నా ముక్కులో ఉంది. పొద్దున గుడిసెల్లోంచి కాలిన రొట్టె వాసన, పది గంటలకు పేలుడు మందు వాసన. రాళ్లు పగలగొట్టడానికి బొరియల్లో మందు కూరేవాళ్లు. అంటించే ముందు ఒకాయన గుట్టెక్కి ఎర్ర గుడ్డ ఊపుతూ "మందూ... మందూ..." అని అరిచేవాడు. ఆ అరుపు వినిపిస్తే ఎవరి పని వాళ్లు వదిలేసి దాక్కోవాలి. సారు కూడా పాఠం ఆపి మమ్మల్నందరినీ గోడవారకు చేర్చి, తాను రేకు తలుపు దగ్గర అడ్డంగా నిలబడేవాడు. ఒకసారి గుప్పెడంత రాయి ఎగిరొచ్చి బడి కప్పు రేకుకు కన్నం పెట్టింది. వాన వస్తే ఆ కన్నం కింద మూడో తరగతి కూర్చునేది కాదు.

బడి అంటే ఒకే గది. ఒకే సారు. అయిదు తరగతులూ ఆ గదిలోనే, ఒక్కో తరగతి ఒక్కో మూల, అయిదోది మధ్యలో. నల్లబోర్డు తెల్లబడినప్పుడల్లా బొగ్గు నూరి, చిక్కుడాకు పసరు కలిపి మేమే పూసేవాళ్లం. ఆ రోజంతా గది నిండా పసరు వాసన. సుద్దముక్కలు ఆఫీసు నుంచి రావాలి, రావు. సారు తన డబ్బుతో పెట్టె కొనుక్కొచ్చి, ముక్కను చివరికంటా రాసి, పట్టుకోవడానికి వీలుకానంత చిన్నదయ్యాక మాకిచ్చేవాడు. ఆయన నగరం నుంచి బస్సులో చివరి స్టాపు దాకా వచ్చి, అక్కడి నుంచి నడిచేవాడు. ఆయన బడికి చేరేసరికి చెప్పులూ ప్యాంటు అంచులూ తెల్లగా రాతి పొడి పట్టి ఉండేవి.

మా చెల్లెలు అప్పుడు రెండో తరగతి. నాకన్నా మూడేళ్లు చిన్న. బలపాలు కొరికి తినేది. అమ్మ ఎన్ని దెబ్బలు వేసినా మానలేదు. సారు అడిగితే నాలుక తెల్లగా పెట్టుకుని "ఎలుక తిన్నది సార్" అనేది. ఇంకో ఘనకార్యం కూడా చేసింది. సారు పలకలు తెమ్మన్నప్పుడు తన పలక మీద ఏమీ లేదని గుర్తొచ్చి, వెనక్కి తిరిగి కిటికీ లోంచి "మందూ... మందూ..." అని అచ్చం ఆ గుట్ట మీది మనిషిలా అరిచింది. సారు అందరినీ గోడవారకు చేర్చాడు, చాలాసేపు ఎదురుచూశాడు, పేలుడు లేదు. విషయం తెలిశాక దాని చెవి పట్టుకున్నాడు గాని, నవ్వు ఆపుకోలేక వదిలేశాడు.

అల్లరి ఒక్కటే కాదు. అదే గదిలో మా తరగతికి చెప్పేదంతా దాని చెవిలో కూడా పడేది. పదిహేనో ఎక్కం నేను తడబడితే అది రెండో తరగతి మూల నుంచి అందించేది. సారు నా లెక్కలు దిద్దే ముందు "మీ చెల్లెకు సూపెట్టినవా?" అని అడిగేవాడు, నవ్వులాటకే. నాకు ఒళ్లు మండేది. ఇంటికి వెళ్లాక దానికి రేగుపండ్లలో వాటా ఇచ్చేదాన్ని కాదు. అది నా జడ పట్టుకుని లాగి తీసుకునేది.

పుస్తకంలో నాలుగు లైన్లే ఉన్న ఒక పాఠాన్ని సారు ఒక పూటంతా చెప్పేవాడు. మన సంస్థానం దేశంలో కలవడం గురించి. ఆయన తండ్రి ఆ రోజుల్లో అడవులు పట్టి తిరిగాడట. అది చెప్పేటప్పుడు ఆయన గొంతు మారిపోయేది. చివర్లో మా అందరినీ లేపి నిలబెట్టి అడిగేవాడు.

"విలీనం అంటె?"

"కలిసిపోవుట!" అని అయిదు తరగతులూ అరిచేవి.

"కలిసిపోతె ఏమయింది?"

"కష్టాలు పోయినయ్!"

ఆ తర్వాత అందరికీ పుట్నాలూ బెల్లమూ పెట్టేవాడు. అలా నాకు విలీనం అనే మాట బెల్లం తీపితో కలిసి వచ్చింది. ఆ మాటకు ఇంకో వాడుక ఉంటుందని నాకెవరు చెప్తారు?

ఆ ఏడాది చలి తగ్గి మోదుగులు పూసే రోజుల్లో మా పెద్దవాళ్లకు ఒకటే ధ్యాస, బడికి రెండో గది. నాయినా, మా గుడిసెలన్నిటికీ పెద్దలాంటి మేస్త్రీ కలిసి రెండుసార్లు ఆఫీసుకు వెళ్లి దరఖాస్తు ఇచ్చొచ్చారు. రాయి మేమే ఇస్తాం, పని మేమే చేస్తాం, సిమెంటూ రేకులూ ఇవ్వండి చాలు అని. రోజూ పని దిగాక టీ కొట్టు దగ్గర కూర్చుని గది ఎటు తిప్పి కట్టాలో మాట్లాడుకునేవాళ్లు. "దర్వాజ గిటు పెట్టాలె, మందు పేలితె రాయి లోపటికి రాకుండ," అని నాయిన చేతులతో గాల్లోనే గోడలు కట్టేవాడు. తమకు రాని చదువు గురించి అంత ఇష్టంగా మాట్లాడుకునే మనుషులను నేను మళ్లీ చూడలేదు.

అప్పుడే సారును ఓటర్ల జాబితా పని మీద పంపారు. ఇల్లిల్లూ తిరిగి పేర్లు రాసుకునే పని. రెండు వారాలు బడికి రానని, నన్ను లీడర్‌గా పెట్టి, పిల్లలతో రోజూ ఎక్కాలు చెప్పించమని చెప్పి వెళ్లాడు. నేను సారు కుర్చీ పక్కన నిలబడి బెత్తం పట్టుకుని చెప్పించాను. చెల్లెలు తప్ప అందరూ నాకు భయపడ్డారు.

సారు లేని ఆ రోజుల్లోనే జీపు వచ్చింది. కంది కోతలకని సగం గుడిసెలు ఊళ్లకు వెళ్లిన సమయం. జీపులోంచి దిగిన అధికారి గదిలోకి తొంగి చూసి, వేలు చూపిస్తూ మమ్మల్ని లెక్కపెట్టాడు. పదకొండు మందిమి. ఊళ్లకు వెళ్లినవాళ్లు వారంలో వస్తారని చెప్పాలని నాకు నోటి దాకా వచ్చింది, భయమేసి చెప్పలేదు. ఆయన బయటికి వెళ్లి మేస్త్రిని పిలిపించాడు.

"ఈ కాగితం మీద తల్లిదండ్రులందరి వేలిముద్రలు వేయించి రేపు మధ్యాహ్నానికి పంపించండి."

మేస్త్రి కాగితాన్ని రెండు చేతులా పట్టుకున్నాడు. "గది గురించేనా సార్?"

"అన్నీ అందులోనే ఉన్నాయండి. మామూలు కాగితమే, భయమేం లేదు," అని అధికారి జీపెక్కాడు. ముద్రల కోసం ఇంకు డబ్బా కూడా ఇచ్చిపోయాడు.

ఆ సాయంత్రం పొద్దు ఇంకా ఉండగానే అందరూ బడి ముందు చేరారు. తట్టలు పక్కన పెట్టి, చేతులు కడుక్కోకుండానే వచ్చారు. తాతలూ, చంకన పిల్లలతో అమ్మలూ. మేస్త్రి నన్ను పిలిచి బడి మెట్టు మీద నిలబెట్టాడు.

"సదువు బిడ్డా. గట్టిగ సదువు, అందరికి ఇనపడాలె."

నేను చదివాను. ఒక్క అక్షరం తప్పు పోకుండా, ఒత్తులు పలుకుతూ, సారు నేర్పినట్టు వాక్యం చివర ఆగుతూ చదివాను. నాయిన ముఖం చూశాను. ఆయన పెదవులు నాతోపాటు కదులుతున్నాయి. అంతమంది పెద్దవాళ్లు నా నోటి వైపు చూస్తూ నిలబడటం అదే మొదటిసారి. నేను గాల్లో తేలిపోయాను, అబద్ధమెందుకు.

"మంచిగ సదివింది. ఇగ తెలుగుల చెప్పు," అన్నాడు మేస్త్రి. కొందరు నవ్వారు. అది తెలుగేనని నేనన్నాను. "గా తెలుగు కాదమ్మా, మన తెలుగుల చెప్పు. ఏమంటున్నది కాయితం?"

కాగితం ఏమంటున్నదో నాకు తెలియదు. చదవడం వచ్చుగాని, అందులో సగం మాటలు నేనెప్పుడూ వినలేదు. ఒక్క మాట మాత్రం తెలుసు. ఆ ఒక్కదాన్నే పట్టుకున్నాను.

"మన బడి విలీనమైతదట," అన్నాను.

"అంటె?"

"కలిసిపోతది. నిజాం రాజ్యం పోయి మనం దేశంల కలిసినం గద, గట్ల. మన బడి పెద్ద సర్కారుల కలుస్తది. కష్టాలు పోతయ్."

వెనక ఉన్న ఒక తాత కర్ర నేలకేసి కొట్టి లేచాడు. "పోలీస్ యాక్షన్ అయినంక కలిసినమే, గదా? అరె, గిది మంచి మాటనే! నేను జూసిన గా దినం. రజాకార్ల పీడ పోయిన దినం."

"అయితె గది వస్తదన్నట్టే," అన్నాడు నాయిన.

"సర్కారుల కలిస్తె గదేంది, బోరింగు గూడ ఏస్తరు," అన్నారు ఇంకెవరో.

అప్పుడు చెల్లెలు మెట్టు కింద నుంచి నా లంగా పట్టుకుని లాగింది. "అక్కా, అభ్యంతరం అంటె ఏంది?"

అక్కడున్న నలభై మందిలో అడగాల్సిన మాట అడిగింది అదొక్కతే. నాకు తెలియదని అందరి ముందూ చెప్పాల్సి వస్తుందేమోనని దాని భుజం గట్టిగా గిల్లాను. "నోర్మూసుకో. రెండోది సదివేటోళ్లకు ఎందుకవన్ని," అన్నాను. అది ఏడుస్తూ అమ్మ కొంగులోకి పోయింది. అమ్మ నా వైపు చూసి, "మంచిగ సదివినవా బిడ్డా, ఏం ఫికర్ లేదు గద?" అంది. లేదన్నాను. అందరికన్నా ముందు వేలు ముంచింది అమ్మే. ముద్ర వేసి, ఇంకు తలకు తుడుచుకుంది. ఒకరి తర్వాత ఒకరు వేశారు. ఊళ్లకు వెళ్లినవాళ్ల తరఫున అన్నదమ్ములు వేశారు. గళ్లన్నీ నిండాయి. నాకు ఆ పూట టీ కొట్టాయన ఊరికే బన్ను ఇచ్చాడు. చెల్లెలికి పెట్టలేదు.

సారు వచ్చేటప్పటికి కాగితం వెళ్లి పది రోజులైంది. మేస్త్రి ఎదురెళ్లి సంతోషంగా చెప్పాడు, బడి విలీనమవుతుందని. సారు ముఖం పాలిపోవడం నేను చూశాను. ఆయన బడి మెట్టు మీదే కూర్చుని, ఎవరు చదివారని అడిగాడు.

"నేనే సార్."

"ఏమని చెప్పినవ్?"

పాఠం అప్పచెప్పినట్టు చెప్పాను. కలిసిపోవుట, కష్టాలు పోయినయ్. ఆయన నా తల మీద చెయ్యి వేసి, "తప్పు నీది గాదు బిడ్డా. గా పాఠం చెప్పింది నేనే గద," అన్నాడు. ఆయన కళ్లలో నీళ్లు చూశాకే, ఆ కాగితం చెప్పింది వేరే ఏదో అని నాకు తెలిసింది. మరునాడే ఆయన ఆఫీసుకు పోయాడు. తల్లిదండ్రులే ఒప్పుకుని ముద్రలు వేశాక మీకేంటండి బాధ అన్నారట. పదకొండు మంది పిల్లల కోసం ఒక టీచర్ జీతం, ఒక గది మరమ్మతు ప్రభుత్వానికి భారం అని కూడా చెప్పారట. సారు తిరిగొచ్చి మేస్త్రికీ నాయినకూ విషయం చెప్పాడు. కాగితం ఎవరు ఎలా చదివారన్నది మాత్రం ఎత్తలేదు. ఆఫీసువాళ్లు మోసం చేశారని మా వాళ్లు తిట్టుకున్నారు. అది నిజమే. ఆ నిజం వెనక నేను దాక్కున్నాను.

ఎండాకాలం సెలవుల తర్వాత బడి తెరుచుకోలేదు. బెంచీలు ఎలాగూ లేవు, బోర్డూ కుర్చీ ట్రాక్టర్‌లో వేసుకుపోయారు. సారు వేరే ఊరికి బదిలీ అయ్యాడు. పోయేముందు ఒక పని చేశాడు, నన్ను సర్కారు హాస్టల్లో ఆరో తరగతికి చేర్పించాడు. పెట్టె కూడా ఆయనే కొనిచ్చాడు. ఎందుకు అంత చేశాడో అమ్మకు అర్థం కాలేదు గాని నాకు అర్థమైంది. తన పాఠం వల్ల పాడైన వాటిలో ఒకదాన్నైనా బాగు చేద్దామనుకున్నాడు.

చెల్లెలికి దక్కింది ఆ సమీప పాఠశాల. పటం మీద దగ్గరే. మధ్యలో అప్పుడే కొత్తగా వేస్తున్న వెడల్పు రోడ్డు. రోజంతా కంకర టిప్పర్లు, మా గుట్ట కంకరే. దాటడానికి దారి ఎక్కడా వదల్లేదు, పిల్లలు నడుమెత్తు గోడ ఎక్కి దూకాలి. అమ్మ కొన్నాళ్లు చెయ్యి పట్టుకుని తీసుకెళ్లింది. అలా తీసుకెళ్తే సగం కూలి పోతుంది. తర్వాత పిల్లలే గుంపుగా వెళ్లసాగారు. వానాకాలం నడిమిలో మా పక్క గుడిసె పిల్లకు టిప్పర్ తగిలి కాలు నుజ్జయింది. దవాఖానలో మోకాలి దాకా తీసేశారు. మరునాటి నుంచి మా గుడిసెల పిల్లలు ఒక్కరు కూడా ఆ రోడ్డు దాటలేదు. అమ్మ చెల్లెలి సంచీ తీసి ఉల్లిగడ్డలు పోసుకుంది.

దసరా సెలవులకు నేను హాస్టల్ నుంచి వచ్చేసరికి చెల్లెలు నెత్తి మీద చుట్టగుడ్డ పెట్టుకుని చిన్న తట్ట మోస్తోంది. బడికి పోవడం లేదేమని అడిగాను. దానికి వినపడేలాగే అమ్మ జవాబు చెప్పింది.

"దానికి సదువు అబ్బలే బిడ్డా. నీ తలకాయ వేరు, దాని తలకాయ వేరు."

అమ్మ అలా ఎందుకు అందో ఇప్పుడు తెలుసు. పిల్లను బడికి పంపలేకపోతున్నానని రోజూ అనుకోవడం కన్నా ఆ మాట తేలిక. కాని ఆ రోజు నాకు ప్రాణం లేచొచ్చింది. అబ్బలేదు! అయితే నా వల్ల కాదు. పదిహేనో ఎక్కం నాకు అందించిన పిల్ల గురించి ఆ మాట అంటుంటే, కాదమ్మా అని నేను అనలేదు. ఆ తర్వాత పండగకో పబ్బానికో ఎవరు వచ్చినా అదే మాట. పెద్దది సర్కారు నౌకరి కొట్టింది, చిన్నదానికి సదువు అబ్బలే. చెల్లెలు కూడా నవ్వుతూ అదే చెప్పుకునేది. "నాది రాయి బుర్ర వదినా, గుట్టల పుట్టిన గద," అని.

ఆఫీసు ఫార్మాట్ పట్టుకుని పోయిన వారం మా పై అధికారితో కలిసి ఒక బడికి వెళ్లాను. తల్లిదండ్రులు తొమ్మిదిమంది వచ్చారు. ఆయన ఫోన్ మాట్లాడుతూ అటు పోగానే, ఆయన కొట్టేసిన వాక్యాన్ని నేను నోటితో చెప్పేశాను. సంతకం పెడితే బడి మూసేస్తరు, ఇష్టం లేకుంటే పెట్టకండి అని. ఆటో నడిపే ఒకాయన సంతకం చేస్తూనే జవాబిచ్చాడు. "ఎరుకనే మేడం. మూస్తె మూయనియ్యుండ్రి. ఉన్న ఒక్క సారు సర్వే డ్యూటీ అని ఏడాదిల సగం దినాలు రాడు. పిల్లలు ఏం జేస్తరు ఖాళీ రూముల? అప్పు జేసి ప్రైవేటుల ఏస్తున్నం." తొమ్మిది గళ్లూ నిండిన కాగితం సంచీలో పెట్టుకుని, తిరుగు దారిలో మణికొండలో దిగి చెల్లెలింటికి వెళ్లాను.

చెల్లెలు ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్‌లోని ఒక ఆఫీసులో హౌస్‌కీపింగ్ చేస్తుంది. ఆ రోజు వారపు సెలవు. ఒక గది ఇల్లు, కిరాయిది. దాని కూతురు మాదాపూర్‌లో ఒక లేడీస్ హాస్టల్ వంటింట్లో పని చేస్తుంది, ఆదివారం తప్ప ఇంటికి రాదు. చెల్లెలు నేల మీద కూర్చుని సొరకాయ తరుగుతోంది. నేను ఎదురుగా కూర్చుని మొత్తం చెప్పేశాను. జీపు, కాగితం, నేను చెప్పిన అర్థం, దాని భుజం గిల్లడం, సారు ఏడవడం. చెప్తున్నంతసేపూ దాని చెయ్యి ఆగలేదు. అయిపోయాక కత్తిపీట పక్కకు జరిపింది.

"అంటె నాకు సదువు రాకపోవుడు కాదా?"

"కాదే. నీకు నాకన్న మంచిగ వచ్చేది."

"మరి అమ్మ గట్ల అనేది?"

"అమ్మకు గట్ల అనుకునుడే అల్కగ ఉండె. నాకు గూడ."

అది తిడుతుందనుకున్నాను. తిడితే బాగుండు అనుకున్నాను. అది సొరకాయ ముక్కలు గిన్నెలోకి ఎత్తింది. మెల్లగా, ఎవరికో లెక్క అప్పచెప్తున్నట్టు మాట్లాడింది.

"పిల్ల తొమ్మిదో తరగతిల ఉన్నప్పుడు లెక్కలు వస్తలేవని ఏడ్చింది. ట్యూషన్ పెట్టియ్యమని కాళ్లు పట్టుకున్నది. నేనేమన్న? మన దిక్కు మీ పెద్దమ్మ ఒక్కదానికే అబ్బింది బిడ్డా, నాకు అబ్బలే, నీకూ అబ్బదు, ఊకె పరేషాన్ ఎందుకు అన్న. నా కడుపున పుట్టింది గద, నా బుర్రనే అనుకున్న. తెల్లారి నుంచి పోలే బడికి." అది నా వైపు తిరిగింది. "గా దినం నువ్వు ఈడనే ఉన్నవ్ అక్కా."

ఉన్నాను. గోడకు ఆనుకుని కూర్చుని టీ తాగుతున్నాను. ఆ పిల్ల ఏడుపు ఆపి నా ముఖం వైపు చూసింది కూడా, పెద్దమ్మ ఏమైనా అంటుందేమోనని. తల్లి చెప్పేది నిజం కాదని ఆ గదిలో తెలిసినదాన్ని నేనొక్కదాన్నే. బడి మెట్టు మీద నిలబడి చెప్పిన తప్పుడు అర్థం తెలియక చెప్పాను, పదేళ్లదాన్ని. ఆ రోజు మాత్రం అంతా తెలిసే, గ్లాసులో టీ చల్లారిపోతుందని తాగేశాను.